య వత్తు

కర్నూలు జిల్లా కోర్టు గోడ పక్కన, రేకుల కింద
నేనూ, నా తెలుగు టైపు మిషనూ.
దీనికి య వత్తు అరిగిపోయి రెండేళ్ళయింది.
ఆ ముక్క పోసేవాడు ఇప్పుడెక్కడా లేడు.

బార్ అసోసియేషన్ ఎన్నికలు శుక్రవారం.
అధ్యక్ష పదవికి ఇద్దరు.
ముగ్గురే గానీ, మూడో ఆయన
సోమవారం ఉగ్గాని తింటూ తింటూ విరమించుకున్నాడు.

శేషఫణి సారు కళ్ళు మూసుకుని చెప్పాడు, నేను కొట్టాను:
"హైకోర్టు మన ఊరికే రావాలి,
వచ్చిన హైకోర్టులో మన సీమ బిడ్డలే కూర్చోవాలి,
మచ్చలేనివాళ్ళు, కామా,
రాజ్యాంగాన్ని అక్షరం దాటనివాళ్ళు, కామా"
జడ్జీలను తనే వేస్తున్నట్టు
రొమ్ము తట్టుకున్నాడు.
జేబులో బాల్ పెన్ను టిక్కుమంది.

మధ్యాహ్నం మద్దిలేటి సారు.
"అక్షరాలు పట్టుకుని ఏం చేస్తారు మాదన్నా, కొట్టు:
రేగడి మట్టి తొక్కినవాడు కావాలి,
కొర్రకూడు తిన్నవాడు, గుండె ఉన్నవాడు కావాలి."
కాస్త ఆగి, గొంతు తగ్గించి
"ఏ కులమో రాయొద్దు. చదివేటోళ్ళకే తెలుస్తాది."

ఇద్దరికీ తెలుసు
బారు ప్రెసిడెంటు చేతిలో ఉండేది
క్యాంటీను టెండరు, లైబ్రరీలో తిరగని ఫ్యాను,
పోయిన వకీలుకు రెండు నిమిషాల మౌనం.

పత్తికొండ పక్క నుంచి వచ్చిన ఉరుకుందమ్మ
తన అర్జీ కోసం బండ మీద కూర్చుని అంతా వింది.
చేనికి పోయే రస్తా కేసు. పదకొండేళ్ళు.
"ఏమన్నా, జడ్జీలను ఈళ్ళే ఎంచుతారా?"
"కాదు మా. పైన పెద్ద జడ్జీలు, ఢిల్లీలో,
తలుపేసుకుని మాట్లాడుకుంటారు."
"ఓ, ఎద్దుల సంత మాదిరి.
తువాల కింద ఏళ్ళు పట్టుకుంటారు,
బేరం ఆ ఇద్దరికే ఎరుక.
సుట్టూ నిలబడినోళ్ళు
కొమ్ములు బాగుండాయి, సుడి బాగుండాది అని
ఊరికే అరుస్తాంటారు."
కరపత్రాల కట్ట వైపు గడ్డం చూపించింది.

నువ్వయితే ఎట్లాంటాయన్ను ఎంచుతావని అడిగాను.
చాలాసేపు పలకలేదు.
"నాకేం తెలుసు.
నలుగురు మారినారు. ఒగాయనకు దగ్గు.
తలెత్తి నా మొకం సూసినోడు లేడు.
నన్ను పేరు పెట్టి పిలిసింది వాకిట్లో బంట్రోతు ఒక్కడే.
ఆయప్పను ఏస్తారేమో అడుగు."
నవ్వులాటకు అన్నట్టు లేదు.

సాయంత్రం శేషఫణి సారు మండిపడ్డాడు:
"పన్నెండు చోట్ల న్యాయం పోయి నాయం పడింది,
రాజ్యాంగం రాజాంగమైంది, పరువు తీస్తావా?"
పెన్ను తీసి వత్తులన్నీ పెట్టాను,
మూడు వందల కాగితాలకు, ఒక్కొక్క దానికి.
మద్దిలేటి సారు చూసి మెచ్చుకున్నాడు,
"నాయమనే ఉండనీ, అది జనం మాట."
గేటు దాకా పోయి వెనక్కొచ్చాడు,
"ఎందుకైనా మంచిది, దిద్దు."

చీకటి పడే ముందు ఉరుకుందమ్మ అర్జీ.
అప్పటికి పెన్నులో సిరా అయిపోయింది.
చదివి వినిపించమంది.
కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదివాను:
అయ్యా, నాకు నాయం చేయవలెను.
"అట్నే, అట్నే" అని తలూపి
వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంది.

మళ్ళీ ఎప్పుడని అడిగితే చీటీ మీద కొట్టిచ్చాను.
వాయిదా, ఆగస్టు పన్నెండు.
ఆ మాట మాత్రం
ఈ మిషను మీద
ఎప్పుడూ తప్పు పడలేదు.