చెరపని పేజీ

సులినాకి రోడ్డు లేదు.
డాన్యూబ్ చివరి మలుపు దాకా
మనుషులూ మందులూ పుస్తకాలూ పడవలోనే రావాలి.
ఈ తొమ్మిది వందల పేజీల లావుపాటిదీ
ఉల్లిపాయ బస్తాల మధ్య కూర్చుని వచ్చింది,
అట్ట మీద డ్రాగన్, దాని రెక్క మీద నిజం తడి.

మొదట తీసుకెళ్ళినవాడు సిదోర్.
ముప్ఫై రెండేళ్ళు కాలువలో పూడిక తీసిన చేతులు.
ఆరు వారాలకి తెచ్చిచ్చాడు,
అంచుల నిండా పెన్సిలు గీతలతో.
చెరపడం నా ఉద్యోగం.
రబ్బరు డబ్బులు మాత్రం నావే.

పటం దగ్గరే పట్టుకున్నాడు:
"ఈ నది కొండెక్కుతోంది. కింద నుంచి ఎవరు తోస్తున్నారు?"
చెరిపాను.
"పద్నాలుగు పేజీలు, ఇరవై మూడు పేర్లు,
ప్రతి పేరులోనూ అడ్డంగా ఓ చేపముల్లు."
నవ్వుకుంటూ చెరిపాను.
"నాలుగు రోజులుగా గుర్రం పరుగెడుతోంది. మేత?"
"మళ్ళీ జోస్యం. మా ఎవ్దోకియా పిన్ని
మోకాలి నొప్పిని బట్టి ఇంతకన్నా నయంగా చెప్పేది."
"వీడు దుర్మార్గుడు, ఒప్పుకున్నా.
పొద్దున్నే లేచి ఏం చేస్తాడు?"

నిజమే, నేనూ చూశాను.
ఆ చీకటి ప్రభువు బురుజు మీద నిలబడే ఉంటాడు.
కూర్చోవడానికో పీట వేసిన పాపాన పోలేదు రచయిత.

ఐదు వందలు దాటాక గీతలు ఆగిపోయాయి.
విసుగెత్తి వదిలేశాడనుకున్నాను.

అక్కడొక రేవుంది.
వెనక రాజ్యం తగలబడుతుంటే
ఒక ముసలి పడవమనిషి, పేరు కూడా లేదావిడకి,
రాత్రంతా జనాన్ని దాటిస్తుంది.
ఖేపుకో ముడి, నడుముకి చుట్టిన తాడుకి.
డ్రాగన్ లేదు. మంత్రం లేదు.
నలభై పేజీలు
నీళ్ళు, తెడ్డు, ఎవరిదో పసిబిడ్డ దగ్గు.
తెల్లారేసరికి అవతల ఇంకా జనం ఉంటారు,
తాడు ఉండదు.

ఆ పేజీ అడుగున, ఒత్తి రాయని అక్షరాలు:
"మేం పదకొండో ముడి దగ్గర ఆగిపోయాం."

రబ్బరు చేతిలోనే ఉండిపోయింది.
ఏ వరద, ఏ ఏడు, ఎవరు మిగిలిపోయారు,
అడగలేదు.
ఈ ఊళ్ళో నీళ్ళ సంగతి నీళ్ళే ఎత్తాలి.

తర్వాతి పేజీకే పాత రోగం:
ఇంకో యుద్ధం, ఇంకో కత్తి, కత్తికో వంశవృక్షం.
"బురద," అని రాశాడు, "తవ్వేకొద్దీ బురద."
అది చెరిపాను.

శీతాకాలంలో పదమూడేళ్ళ వర్వారా తీసుకెళ్ళింది.
ఆ పిల్లకి నది కొండెక్కడమే నచ్చిందట.
పదకొండో ముడి కింద
పెన్నుతో రాసింది: "ఎప్పుడు, తాతా?"
పెన్ను చెరగదు.

రెండో భాగం వచ్చే పడవలో ఉంది.
ముందుగా పేరు రాయించుకున్నది సిదోరే,
తిట్టుకుంటూ.
వాళ్ళ నది ఈసారైనా
పల్లానికి పారుతుందో లేదో చూడాలట.