రెండు నిమిషాలు

ఈరీ సరస్సు మీంచి వచ్చిన గాలి
బడి జిమ్ తలుపు రెండుసార్లు తెరిచి చూసి పోయింది.
లోపల మడత కుర్చీలు, అడుగంటిన కాఫీ.
బాస్కెట్‌బాల్ స్కోర్‌బోర్డే ఇవాళ గడియారం.
అందరి వైద్యానికీ ఒకే ఖాతా, కట్టేది ఒక్క సర్కారే
అన్నదాని మీద చర్చ.
మనిషికి రెండు నిమిషాలు.

ముందు ప్లంబింగ్ సామాన్ల కొట్టు వెండెల్ లేచాడు:
"నా దగ్గర పన్నెండుమంది పనివాళ్ళు.
ప్రీమియం పోయి పన్నొస్తుందంటున్నారు,
కుడిజేబు కత్తిరించి ఎడమజేబుకి అతుకెయ్యడమేగా!
ఏ జేబు పెద్దదో ముందది తేల్చండి."
ఎవరూ తేల్చలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

తర్వాత కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే కుర్రాడు,
చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు,
ట్రిలియన్లని పక్కింటివాళ్ళని పిలిచినంత చనువుగా పిలిచాడు.
పదేళ్ళకి ఇంత, కాకపోతే ఇంత.
అతని రెండు అంచనాల మధ్య ఖాళీలో
మా ఊరు మొత్తం, సరస్సుతో సహా, పట్టేస్తుంది.

డోరీన్ కర్ర పట్టుకుని వచ్చింది.
"అవతలి ఒడ్డున కెనడాలో మా అక్క
మోకాలి కోసం పదకొండు నెలలు కాచుక్కూచుంది.
నాకు మూడువారాల్లో వేశారు.
ఇంకా వాయిదాలు కడుతున్నాను.
మెట్లెక్కితే మోకాల్లో వడ్డీ చప్పుడు."
ఏది మేలంటావని ఎవరో అరిచారు.
"మా అక్కనీ నన్నూ కలిపి అడగండి,
ఇద్దరం పోట్లాడుకుని చెబుతాం."

నాది ఇరవైమూడో నంబరు.

ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ లేని గదిలో
బిల్లులకి కోడ్లు వేస్తాను, పద్నాలుగేళ్ళుగా.
మణికట్టు విరిగితే ఒక అంకె,
మంచు మీద జారి విరిగితే పక్కన ఇంకో అంకె.
మేం పంపుతాం, ఇన్సూరెన్సువాళ్ళు తిప్పికొడతారు,
మళ్ళీ పంపుతాం.
ఆ బంతికి ఓ పేరుంటుంది, పుట్టినతేదీ ఉంటుంది.
లోరెట్టా ప్రిజ్‌బిల్ ఫైలు పదహారుసార్లు తిరిగొచ్చింది,
పదిహేడోసారి నెగ్గాను.
మా గదిలో కేకు కోశారు. ఆ నెల ఉత్తమ ఉద్యోగిని నేనే,
తలుపు పక్కన పార్కింగు చోటిచ్చారు.
ఆవిడ పోయి అప్పటికి ఐదు నెలలని
కేకు తిన్నాక చూశాను.

ఆ కుర్రాడి పట్టికలో "ఆదా" అని రాసిన గడి ఉంది చూడండి,
అందులో ఉన్నది నేను.
నేనూ, మొన్న ఇల్లు కొన్న మార్గీ,
ఇంకా మొదటి జీతమైనా అందుకోని షానెల్,
మొత్తం తొమ్మిదిమందిమి.
కూచున్న కొమ్మ నరుక్కునేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది.
ఆ కొమ్మ ఎవరి కిటికీకి అడ్డంగా పెరిగిందో
అడిగినవాడు లేడు.

వద్దని చెప్పడానికే వచ్చాను.
కాగితం మీద రాసుకొచ్చాను, తప్పుల్లేకుండా.
"వ... వాకూలా?" అని పిలిచారు.
వకుళ అని దిద్దేసరికి పదకొండు సెకన్లు పోయాయి.
కాగితం మడిచి కోటు జేబులో పెట్టేశాను.
"మా తొమ్మిదిమందికీ వేరే పని చూపిస్తారా?
చూపిస్తామంటే
రేపు పొద్దున్నే నేనే మా గదికి తాళమేస్తాను.
చూపించలేకపోతే, ఆ ఖర్చు కూడా లెక్కలో రాయండి.
మమ్మల్ని ఆదా అనకండి."
ఇంకా నిమిషం మిగిలింది.
ఏం చెయ్యాలో తెలీక
అది అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.
బల్ల దగ్గర ఒకాయన ఏదో రాసుకున్నాడు,
జవాబో, మధ్యాహ్నం తిన్న భోజనం లెక్కో.

బయట వెండెల్ తన కారద్దం మీది మంచు గీకుతూ
నా కారుదీ గీకేశాడు.
"ఇంతకీ నువ్వు ఎటువైపు?"
"అటువైపు, ఆ దీపస్తంభం దగ్గర నా కారు... ఓ, ఇదేనా."
నవ్వాడు. కుడి భుజం పట్టుకుని ఆగాడు.
మూడు నెలల్నించి నొప్పిట. చూపించుకోలేదు,
డిడక్టిబుల్ ఇంకా దాటలేదని.
"దీనికీ ఉంటుందా నీ దగ్గరో అంకె?"
ఉంది. నోటికొచ్చు. చెప్పాను.
అరచేతి మీద రాసుకోబోయాడు.
చలికి పెన్ను పడలేదు.