కనబడలేదు

చలాన్ ఫోన్‌కే వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం,
షాపు వెనక టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే.
వెయ్యి రూపాయలు. ఆపైన ముప్పై ఐదు, అదెందుకో వాళ్లకే తెలియాలి.
ఫోటోలో నేను, వెనకనుంచి:
నా స్కూటీ, నా చున్నీ ముడి,
హ్యాండిల్‌కి ఊగుతున్న గోంగూర కట్ట.
నంబర్ ప్లేటు మాత్రం
అప్పుడే తలంటి పోసినంత తేటగా ఉంది.
బోర్డు లేదు ఆ ఫోటోలో,
నేను లెక్కచేయలేదంటున్న బోర్డు.

మర్నాడు ఆరింటికే పోయి వెతికాను
బర్కత్‌పురాలో ఆ సందు మొగ దగ్గర.
ఉంది. ఉండటానికైతే ఉంది.
కానుగ కొమ్మ దాన్ని ఒళ్లో దాచుకుంది.
కొమ్మ వదిలిన సగాన్ని
బ్యాంకు పరీక్షల కోచింగ్ కాగితం కప్పేసింది.
మిగిలిన ఎర్రటి అంచు, ఏ ట్రాలీ ఆటో గుద్దిందో,
రోడ్డు వదిలేసి
ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్ల వైపు తిరిగింది.
దుప్పట్లకి ప్రవేశం లేదు కాబోలు.

పంక్చర్ల గౌస్ మియా అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు.
"పోయిన వానల సంది గట్లనే ఉందమ్మా.
రోజుకి పది మంది దొరుకుతరు.
పోలీసోళ్లు గా చెట్టు కిందనే నిలబడతరు, నీడుంటది కదా."
నేను టేపు తీసి దూరం కొలుస్తుంటే
రెండో కొస తనే పట్టుకున్నాడు.
"ప్లాట్ కొంటున్నవా ఏంది?"

"లోక్ అదాలత్‌లో సగం తగ్గిస్తరు, కట్టేసెయ్," అంది అక్క.
"ఒక రోజు జీతం పోగొట్టుకుని ఏం మిగుల్చుకుంటావ్?" అన్నాడు షాపు ఓనరు.
లెక్క వాళ్లదే కరెక్టు.

నాంపల్లి కోర్టులో ఫ్యాన్ కింద చోటుకి
తొమ్మిదిన్నరకే కొట్లాట.
నా ముందు హెల్మెట్ లేనివాళ్లు, ముగ్గురెక్కినవాళ్లు,
"ఒప్పుకుంటున్నా" అని ఒక్క ఊపిరిలో,
ముద్ర, రసీదు, బయట చాయ్.
"ఈర్ల పుష్పలీల!"
ఒప్పుకోను, అన్నాను.
గుమస్తా కలం ఆగింది. ఫ్యాన్ ఆగలేదు.

మేజిస్ట్రేటమ్మ కళ్లజోడు పైకి తోసుకున్నారు.
ఎడమ కాడ వదులు. బిగించడానికి నా వేళ్లు లాగాయి.
"బోర్డు చూడలేదా?"
"కనబడలేదమ్మా."
గుమస్తా రాసుకుని చదివాడు:
బోర్డు చూడలేదని ఒప్పుకున్నది.
"చూడలేదు కాదు సార్. కనబడలేదు."
"రెండూ ఒకటే కదమ్మా."

ఒకటి కాదు.
సుల్తాన్ బజార్ కళ్లజోళ్ల షాపులో పదకొండేళ్లుగా
మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి
ఒక కన్ను మూయించి అడుగుతున్నాను.
చివరి వరసలో చీమంత ట, ద, వ.
చూస్తూనే ఉంటారు పాపం, మెడలు చాచి, కళ్లు చికిలించి.
కనబడవు.
ఎవరికీ జరిమానా వేయలేదు నేను.
అద్దం మార్చాను.

ఇదంతా పైకి అనలేదు, నోరెండిపోయింది.
ఫోటోలు అందించాను.
దుప్పట్ల దగ్గర ఆమె పెదవి కొంచెం కదిలింది.
"రోజూ వెళ్లే దారేగా? వన్‌వే అయిందని అసలు తెలీదా?"

అక్కడ గుచ్చుకుంది.
ఎదురొచ్చినవాళ్లు రెండుసార్లు హారన్ కొట్టి తిట్టారు నన్ను.
నేనూ తిరిగి తిట్టాను.
అది కూడా చెప్పేశాను, ఎందుకు చెప్పానో.

వంద రూపాయలు, ఆ హారన్లకి.
మిగతాది కొట్టేశారు.
గుమస్తా విసుగ్గా ఒక మాట అడ్డంగా గీకి
పైన ఇరుకులో ఇంకోటి రాశాడు.
నేను తలకిందులుగానే చదువుకున్నాను.

వారం తర్వాత చుట్టు దారిన పోతూ ఆగాను.
కొమ్మ అలాగే ఉంది. కాగితం మీద ఇంకో కాగితం.
ఇవతల గౌస్ మియా షాపు ముందు
ఎర్ర పెయింటు పూసిన లారీ టైరు వేలాడుతోంది,
మధ్యలో అడ్డంగా తెల్ల చెక్క.
చట్ట ప్రకారం అది బోర్డు కాదు.
కనబడుతోంది.