పేడనీళ్ళు

కంబాలకొండలో కణుజుల లెక్కకి
నాకు రోజుకింత కూలి, ఒక పెన్ను, ఒక ఫారం.
తాడు లాగిన గీత మీదే నడవాలి, పక్కకి పోకూడదు.
పెంటికలు కనబడితే కుప్పకో గుర్తు.
తడివా, ఎండినవా?
పుల్లతో కాదు, వేలితో నొక్కి చూడాలంటుంది
రేంజి ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల, హిమజ.

ఆ నొక్కడం ఆమె పుట్టకముందే నాకు వచ్చు.
మా అయ్య నేర్పాడు,
చంపడానికి.

మన్యంలో చైత్రం వస్తే ఇటుకల పండుగ.
విత్తనాలు దేవుడి ముందు పెట్టి
మగాళ్ళంతా విల్లూ నాటు తుపాకీ పట్టుకుని అడవెక్కేవాళ్ళు.
వేట తెస్తే ధింసా.
ఉత్త చేతుల్తో దిగితే
ఊరి మొగలో ఆడాళ్ళం మేం, కుండల్లో పేడనీళ్ళతో.
కణుజు పడిన ఏడు ఇంటికింత వాటా,
ముసల్దానికి, చూలాలికి ముందు.
దాని కొమ్ములు మా చూరు కింద ఉండేవి.
వాటికి అయ్య గొడుగు తగిలించేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు
కొండవాలు కూపు నరికారు.
దుంగల కోసం లారీలు, లారీల కోసం ఎర్రమట్టి రోడ్డు.
నరికిన చోట తొలి వానకి లేతగడ్డి లేచింది.
గడ్డికి కణుజులు దిగాయి,
ఎన్నడూ చూడనన్ని, సంతకొచ్చినట్టు.
"అడవి కొడితే జంతువు పెరిగింది, చూశారా?"
కాంట్రాక్టరు పరదేశి పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు.
పెరగలేదు.
బయటపడ్డాయి.

ఆ రోడ్డు మీదే రాత్రిళ్ళు జీపులెక్కాయి
కింద ఊళ్ళ నుంచి, నుదుటికి లైట్లు కట్టుకుని.
కళ్ళలో వెలుగు పడితే కణుజు పారిపోదు,
అదేంటో చూద్దామని నిలబడుతుంది.
పెద్ద కొమ్ముల పోతులు ముందు పోయాయి.
తర్వాత కొమ్ములు లేనివి.
తర్వాత కడుపుతో ఉన్నవి.
మా వాళ్ళూ ఊరుకోలేదు, అబద్ధమెందుకు,
మోటారుసైకిలు క్లచ్ వైరుతో ఉచ్చు పన్నడం
ఊళ్ళో మొదలెట్టింది మా అన్న బొంజుబాబే.

ఆ మీదట నీలగిరి నాటారు.
వరసలు వరసలు, బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు.
దాని కింద పొద లేదు, ఉసిరికాయ రాలదు,
ఎండుటాకు మీద అడుగేస్తే ఆవలి కొండకి వినబడుతుంది.
కాగితంలో అదీ అడవే.
ఆ కాగితమూ దాన్నించే వచ్చి ఉంటుంది.

ఆ చైత్రంలో మూడు రోజులు తిరిగి
మగాళ్ళు ఉత్త చేతుల్తో దిగారు.
పోశాం. పకపకా నవ్వాం.
అయ్య గడ్డం మీంచి కారుతున్నది తుడుచుకోకుండా
"పొయ్యండి, ఇంకా పొయ్యండి" అన్నాడు.
"నేన్దాన్ని ఏటి సేత్తాను? నేనిదాన్ని ఎక్కణ్ణించి తెత్తాను?"
నా కుండలో సగం మిగిలిపోయింది.
అది ఎవరి మీద పొయ్యాలో
జీపులదా, రోడ్డుదా, మా అన్నదా తల,
నాకిప్పటికీ తెలీదు.

ఇవాళ రెండు కిలోమీటర్ల గీతలో మూడు కుప్పలు.
రెండు ఎండినవి. ఒకటి తడి.
వేలు వాసన చూశాను, హిమజ మొహం తిప్పుకుంది.
కొండ కింద హైవే మీద
సరుగుడు దుంగల లారీ గేరు మార్చింది.
అప్పుడే పొదల వెనక
నేలని కాలితో తన్నిన చప్పుడు,
ఆపైన ఢాంక్ అని ఒక్క కూత.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మళ్ళీ రాలేదు.

ఫారంలో 'చూసినవి' అని గడి ఉంది,
'విన్నవి' అని లేదు.
పెన్ను గాల్లో పెట్టి హిమజ గుసగుసగా అడిగింది:
"మగదా? ఆడదా?"

"భయపడినది" అన్నాను.