మూసేటప్పుడు చప్పుడు

తోంగ్‌యోంగ్ రేవు వెనక సందులో
ఇది మూడో ఫోన్ల కొట్టు.
మొదటి రెండింట్లోంచీ పెద్దమ్మే నన్ను బయటికి లాక్కొచ్చింది,
ఒకదాంట్లో పాటల హోరెక్కువని,
ఇంకోదాంట్లో కుర్రాడు తనకి చెప్పాల్సినవన్నీ
నాకు చెప్పాడని.

ఇక్కడ అద్దం మీద పసుపుపచ్చ అక్షరాలు:
"తల్లిదండ్రుల రుణం తీర్చే ఫోన్లు, సగం ధరకే."
కూడబలుక్కుని చదివింది.
"పిల్లల్లేనివాళ్లకి పూర్తి ధరా?" అంది.
నవ్వాలో వద్దో కుర్రాడికి తోచలేదు.

బల్ల మీద నల్ల పలకలు ఆరు పడుకోబెట్టాడు.
ఈ కెమెరా చంద్రుణ్ణి కూడా దగ్గరికి లాగుతుందట.
"చంద్రుడితో నాకేం పని?
పోటెప్పుడో నా మోకాళ్లు చెప్తాయి."

నేనొక చీటీ రాసుకొచ్చాను:
అక్షరాలు పెద్దవుండాలి.
గంట గట్టిగా, ఎడమ చెవికి అందేలా.
ఛార్జింగు రెండ్రోజులు. నీళ్లలో పడ్డా బతకాలి.
ఆపదకొక బటను, నా నంబరుతో.
ఆమెకేం కావాలో
ఆ చీటీ రాసేముందు అడగలేదు నేను.

"తాళం వేలిముద్రతో పెడదాం అమ్మగారూ,
గుర్తుపెట్టుకునే బాధ ఉండదు."
కుడి బొటనవేలు ఆనించింది.
నమోదు కాలేదు, మళ్లీ ప్రయత్నించండి.
చూపుడువేలు. మళ్లీ ప్రయత్నించండి.
కుర్రాడు తడిగుడ్డతో తెర తుడిచాడు.
ఆమె పుస్తకం పేజీ తిప్పబోతున్నట్టు
వేలు నాలిక మీద అద్దుకుంది.
మళ్లీ ప్రయత్నించండి.

నలభైమూడు చలికాలాలు.
ఆల్చిప్ప అంచున కత్తి దూర్చడం, మెలితిప్పడం,
మాంసం గిన్నెలోకి, చిప్ప వెనక్కి.
రబ్బరు తొడుగుల్లోకి కూడా దూరి
ఉప్పు ఆ గీతలన్నీ తినేసింది.
కిలోకింతని కూలి.
అందులో కొన్ని కిలోలు నా కాలేజీ ఫీజు.
ఎన్ని కిలోలో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

తొమ్మిది వేళ్లయ్యాక
విసుగ్గా ఎడమ చిటికెనవేలు పెట్టింది.
టింగుమంది.
మిగతావి పన్జేస్తున్నంతసేపూ
పక్కకి జరిగి నిలబడ్డ వేలు!
"సోమరిపోతా," అంది దాన్ని చూసి,
"కొలువు నీకే దొరికిందా?"

అప్పుడడిగింది తన ప్రశ్న.
"దీన్ని పెట్టేయడం ఎలా?"
"ఈ ఎర్ర గుండ్రం నొక్కితే చాలండీ."
"అది ఆపడం. నేనడిగేది పెట్టేయడం."
గాల్లోంచి ఒక రిసీవరు ఎత్తి
బల్ల మీద కొట్టి చూపించింది.
ఆరు పలకలూ ఉలిక్కిపడ్డాయి.
కూలి ఎగ్గొట్టే మేస్త్రీకి,
అద్దె పెంచిన ఇంటాయనకి,
సంబంధాలు తెచ్చే మా అమ్మకి
ఇన్నేళ్లూ అదే ఆమె ఆఖరి మాట.
"చప్పుడు లేకపోతే
నాకు కోపమొచ్చిందని అవతలివాళ్లకెలా తెలుస్తుంది?"

కుర్రాడు లోపలికెళ్లి
దుమ్ముపట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు.
నిరుటి రకం, మడిచేది. కెమెరా అంతంతమాత్రం.
నీళ్లకి ఆగదు. చీటీలో సగం కొట్టేశాను.
ఆమె తెరిచింది. మూసింది.
ఠప్.
ఇంకోసారి. ఠప్.
బతుకంతా తెరిచిన చేతిలో
మూసుకునే చిప్ప.
"ఇది," అంది.

"ఈవిడ మీ అమ్మాయేనా?" కాగితం నింపుతూ కుర్రాడు.
"కాదు. లెక్కల్లో తప్పినప్పుడల్లా
దీన్ని చీపురుతో కొట్టినదాన్ని."
అతను జాబితా అంతా వెతికాడు.
అలాంటి చుట్టరికం లేదు.
'ఇతరులు' అని నొక్కాడు.

నేను సంతకం పెడుతుంటే జేబులో ఫోను మోగింది.
తలెత్తితే, అద్దం తలుపు అవతల
ఎండుచేపల బండి పక్కన
వీపు నాకేసి పెట్టి నిలబడి ఉంది.
"అన్నం తిన్నావా?"
ఫోను లేకున్నా వినపడేంత గొంతు.
"ఇంకా లేదు పెద్దమ్మా, నువ్వు..."

ఠప్.