గీతకు జానెడు పైన

కొబ్బరికాయల కొట్టు ఖాళీ చేసి సున్నం వేయించాను.
వరద నిలిచిన గీతను మాత్రం
చెరపొద్దన్నాను.
గనిరాజు చెవి మీది పెన్సిలు తీసి
ప్లగ్గులన్నీ దానికి జానెడు పైనే గుర్తుపెట్టాడు.
లంకలో పుట్టినవాడు, చెప్పక్కర్లేదు.

బల్లకు పాత నాటుపడవ చెక్క.
మేకు ఊడిన బొక్కలోంచి
ఛార్జరు వైరు సరిగ్గా దిగింది.
కిటికీకి నర్సాపురం లేసు,
పిన్ని అల్లితే ఏజెంటు తిప్పిపంపిన ముక్క;
తప్పెక్కడో ఎండకు కూడా దొరకలేదు.

కుర్చీ ఒక్కటే కొన్నది.
కాళ్ళు నేలకందవు,
కింద పీచు మూట పెట్టుకున్నాను.
అది కెమెరాలో పడదు.

మీటింగులో మేనేజరు అడిగింది:
"వెనక ఆ గోధుమరంగు చార బావుందే, డిజైనా?"
మ్యూట్ తీసి
అవునండీ, అన్నాను.

శ్రావణంలో రెండో కోటు.