రెండు చుక్కలు

పేపరోళ్లు చుక్కలిస్తరు, ఐదుకు రెండున్నర.
నా దగ్గరున్నయి రెండే:
రీలు ఒడిసే ముందు తెర కుడిమూలకు
మెరిసి పోయేటియి.
మొదటి చుక్కకు మోటరు, రెండో చుక్కకు మార్పు.
ముప్పయ్యొక్కేండ్లు హన్మకొండల
జానెడు కిటికీల నుంచి సుధీంద్రను చూసిన.

పోలీసేషంల మీసమే నటించింది,
అతను దాని వెనుక నిలవడ్డడు.
డబుల్ యాక్షన్ల అన్నకు తమ్మునికి తేడా పాపిటొక్కటే.
దేవుని సిన్మల మాత్రం ఎందుకో
కండ్లార్పకుండ శానసేపున్నడు.
బాల్కనీల ఒకామె చెప్పులిడిసి కూసున్నది.
అది నటనో, లైట్ల దెబ్బో నాకు తెల్వది.

మగ్గం సిన్మకు కొత్తవాడంత కదిలొచ్చింది.
ఇంటర్వెల్ల మార్కండయ్య నా రూముకే ఎక్కొచ్చి
"అరే, ఆ చెయ్యేంది?
జంపఖాన నేస్తున్నడా, సల్ల చిలుకుతున్నడా?"

బొగ్గుబాయి సిన్మను భూపాలపల్లి ఓదెలు
నైటుడ్యూటీ దిగి, నిద్రవోకుండ వచ్చి చూసిండు.
"మొకం నిండ మసి బాగనే పూసిండ్రన్నా,
చెవుల వెనుక తెల్లగున్నది.
మాకు ముందుగాల అక్కడ్నే దిగుతది."
గింత సక్కటి మాట ఏ పేపర్ల రాలే.

ఇగ నాలుగొద్దులే ఆడిందొకటి.
పాటల్లేవు, ఫైట్లు లేవు, రీళ్లు సుత తక్వ.
అండ్ల అతను పెద్ద దవాఖాన వరండల నిలవడ్డడు.
కంపౌండరు చిట్టీ ఇచ్చిండు. సదువలే.
నాలుగు మడతలు వెట్టి అంగీజేబుల ఏసుకున్నడు.
జేబు మీద ఓపారి తట్టిండు,
బస్సుకు పైసలున్నయా అని చూసుకున్నట్టు.
అంతే.

నేనూ గట్లనే మడిచిన యాకమ్మ చిట్టీని,
ఎంజీఎం మెట్ల మీద. ఎవ్వలకు చెప్పలే.
ఇతనికెవ్వలు చెప్పిండ్రు?

మొదటి చుక్క వోయింది.
రెండోది వోయింది.
తెర తెల్లగైంది.
కింద పదకొండు మంది. ఈలలు, కుర్చీల చప్పుడు,
నా అవ్వను తిట్టుడు.
ముప్పయ్యొక్కేండ్లల్ల నేను తప్పింది ఆ ఒక్కపారే.
మేనేజరు దినం కూలి కోసిండు. కొయ్యనీ.

తర్వాతి సిన్మల మళ్ల మంచుల ఎగిరిండు,
పచ్చకోటేసుకొని. నడుమే తిరుగది.
థూ, అన్న.

మార్కండయ్య ఇప్పటికి సాయబాన్ల ఎదురువడితే
నాడె ఏ చేత్తోని ఇసిరిండో అదే కొట్లాట.
"వాడు నటుడే కాదు" అంటడు.
ఊఁ కొడుత.
మడత సంగతి ఇంకా చెప్పలే.